గుట్టకు తిరిగెళ్ళిన అడవి పసుపు

నేను మొక్కల నర్సరీలో పనిచేసి రిటైరయ్యానని తెలిసినప్పటి నుంచి మా వీధిలో కుర్రవాళ్ళు ఫోన్లు పట్టుకుని ఇంటికి వస్తున్నారు. ఏదో ఆకు ఫొటో చూపించి, "ఆంటీ, ఇది మన నేల మొక్కేనా? ఇంట్లో పెంచొచ్చా?" అని అడుగుతారు. వినడానికి సంతోషంగా ఉంటుంది. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు చాలా తక్కువ. ఏడాది పొడుగునా పూయాలి, ఆకు రాలకూడదు, పురుగు రాకూడదు, అదీ వాళ్ళకు కావలసింది. ప్లాస్టిక్ పూలు కొనుక్కోండి అని నాలుక చివరిదాకా వచ్చేది కానీ జీతం గుర్తొచ్చి ఊరుకునేదాన్ని.

అడవి పూలను ఇంట్లో పెంచాలనుకునే మీకు ఒక్క వేసవి సంగతి చెప్తాను.

మా నర్సరీ బెంగళూరు నుంచి ఆనేకల్ వెళ్ళే దారిలో ఉండేది. ఈ చుట్టుపక్కల గుట్టల మీదా, చెట్ల నీడలోనూ తమంతట తాము పెరిగే పూల మొక్కల్ని మాత్రమే పెంచేవాళ్ళం. పసుపుపచ్చ చుక్కల్లాంటి పూలు పూసే నేలతాడి, తెల్లపూల చిత్రమూలం, నీలాంబరం, చెంగల్వకోష్టు, అడవి పసుపు. వీటిలో చాలావాటికి ఒక అలవాటుంది. తొలకరికి లేస్తాయి, పూస్తాయి, చలికాలం వచ్చేసరికి ఆకు వాల్చేసి దుంపలోకి ముడుచుకుని పడుకుంటాయి. వేసవిలో మా దగ్గరికి వచ్చినవాళ్ళకు వరసగా పేర్చిన మట్టి కుండీలు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకాయన అటూ ఇటూ చూసి, "మీరు మట్టి అమ్ముతారా?" అని అడిగాడు. నాతో పనిచేసే అన్న తల ఎత్తకుండానే, "లేదప్పా, లోపల నిద్రపోతా ఉండాది. గట్టిగా మాట్లాడొద్దు, లేస్తాది," అన్నాడు. ఆయన నిజంగానే గొంతు తగ్గించాడు.

ఆ అన్న గురించి చెప్పాలి. వాళ్ళ తాతల కాలం నుంచీ బెంగళూరులోనే. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. పూల మార్కెట్లోనూ పెద్దవాళ్ళ తోటల్లోనూ పనిచేసి మా దగ్గరికి వచ్చాడు. నాకన్నా పెద్దవాడు. నేను హిందూపురం నుంచి పెళ్ళి చేసుకుని వచ్చి, తోటపని కోర్సు ఒకటి చదివి, ఆ నర్సరీలో మొక్కలు పెంచే విభాగం చూసేదాన్ని. పేరుకు నేను ఆయన పై అధికారిని. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకునేవాళ్ళం. ఆయన ఇంటి నుంచి వచ్చిన ఉప్పుసారు, అంటే ఆకుకూర ఉడికించిన నీళ్ళతో కాచే చారు, నాకు పోసి, నా క్యారియర్లో ఊరగాయ ఆయన తీసుకునేవాడు.

మా ఓనరుది కోస్తా. మంచి ఉద్యోగం వదిలేసి, ఉన్నదంతా ఈ నర్సరీలో పెట్టాడు. మనిషి మంచివాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, అవతలివాళ్ళ ముఖం వెలగడం చూడాలన్న ఆశ. అందుకోసం ఏ మాటైనా ఇచ్చేసేవాడు.

ఆ వేసవికి ముందు, చలికాలం చివర్లో వైట్‌ఫీల్డ్ నుంచి ఒకావిడ వచ్చింది. వాళ్ళది వరంగల్, ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. హూడి దాటాక ఒక పాత లేఅవుట్‌లో సొంత ఇల్లు. ఇంటి వెనక పెద్ద కానుగ, నేరేడు. వాటి కింద మూడుసార్లు గడ్డి పరిపించింది, మూడుసార్లూ ఎండింది. ఆ వీధిలో మిగతావాళ్ళంతా పెరళ్ళలో టైల్స్ వేసేసుకుంటున్నారు.

నేనూ అన్నా వెళ్ళి చూశాం. ఆకులు మెత్తగా పరుచుకుని, కింద మట్టి నల్లగా ఉంది. అన్న పిడికెడు మట్టి తీసి వాసన చూశాడు.

"గడ్డి ఎందుకు వేసినారు మేడమ్? ఇది అడవి మాదిరి ఉండాది. అడవిలో పెరిగేది వేస్తే సరిపోతాది."

ఆవిడ మొహం విప్పారింది. "అట్లనా? నేను దీన్ని పనికిరాని జాగా అనుకుంటున్న."

అక్కడే కూర్చుని ఏ మొక్క ఎక్కడ వేయాలో మాట్లాడుకున్నాం. కానుగ మొదట్లో అడవి పసుపు అని నేనే చెప్పాను. మీలో చూడనివాళ్ళుంటే, ఆకు కన్నా ముందు పువ్వు నేలలోంచి నేరుగా పైకి వస్తుంది. గులాబీ రంగు కుచ్చు, మధ్యలో పసుపుపచ్చ పూలు. నిన్నటిదాకా ఎండుటాకులు తప్ప ఏమీ లేని చోట, ఒక వాన పడ్డాక పొద్దున లేచి చూస్తే ఆ కుచ్చులు నిలబడి ఉంటాయి. నేను చెప్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వింది.

తర్వాత ఆవిడ నర్సరీకి వచ్చినప్పుడు ఓనరు మాట ఇచ్చేశాడు. "తొలకరికి మీ ఇంట్లో పూస్తాయండి. పూచీ నాది." ఆవిడ ఆనందంతో వీధిలో వాళ్ళందర్నీ ఆ పూలు చూడ్డానికి పిలుస్తానంది. టైల్స్ వేద్దామనుకుంటున్నవాళ్ళు చూసి మనసు మార్చుకుంటే మాకే పనులు వస్తాయని ఓనరు లెక్క.

ఆవిడ వెళ్ళాక నేను ఆయనతో అన్నాను. "సార్, మన అడవి పసుపు ఇంకా పిల్లలే. విత్తనం నుంచి లేపినవి. ఈ ఏడు పూయవు, వచ్చే ఏడూ అనుమానమే."

"ఎలాగోలా చూడమ్మా. నర్సరీ పరిస్థితి నీకు తెలుసు కదా," అన్నాడు. తెలుసు. ఇద్దరు పనివాళ్ళని అప్పటికే మానిపించారు. అన్న పక్కనే నిలబడి అంతా విన్నాడు.

వేసవి ముదిరింది. ఒకరోజు నేను పనిలోకి వచ్చేసరికి షెడ్డులో గోనెసంచులు వరసగా ఆనించి ఉన్నాయి. మూతి విప్పగానే కర్పూరం, పచ్చి పసుపు కలిసిన వాసన గుప్పుమంది. చెయ్యి పెట్టి ఒకటి బయటికి తీశాను. అరచేతికి పట్టనంత గుత్తి. ఎన్నో ఏళ్ళుగా ఒక్కచోటే పెరిగి, ఒకదాని మీదొకటి అల్లుకున్న దుంపలు. కొన్ని గడ్డపార తగిలి తెగి, లోపలి లేత పసుపు బయటపడి ఉంది. మా కుండీల్లో ఇంత గుత్తి కావడానికి నా ఉద్యోగ కాలమంతా పడుతుంది.

అన్న టీ గ్లాసుతో వచ్చాడు. నా చేతిలో దుంప చూసి ఆగాడు.

"యాడివి అన్నా ఇవి?"

"మా బామ్మర్ది ఊర్లోవి. వాళ్ళ గుట్ట ఉండాది కదా, పట్టా భూమి. దొంగతనం ఏం కాదు."

"దొంగతనం అని నేను అనలేదు."

"మరి ఆ ముఖం ఎందుకట్ల పెట్టినావు?" టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇవి నాటితే తొలకరికి పూస్తాది. ఆయన మాట నిలబడతాది. ఆ వీధిలో నాలుగు పనులు వస్తాది. నర్సరీ మూస్తే నువ్వు ఇంకో చోటికి పోతావు మ్మా, చదువుకున్నదానివి. ఈ వయసులో నన్ను ఎవురు పెట్టుకుంటారు?"

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ మా గేటు దగ్గర బోర్డు మీద, మేము అడవి నుంచి ఏదీ తవ్వి తేము, అన్నీ ఇక్కడే పెంచినవి అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ అక్షరాలకు ప్రతి దసరాకూ రంగు వేసేది ఆయనే.

నేను ఓనరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయనకు ముందే తెలుసో తెలియదో ఇప్పటికీ నాకు తెలియదు. కుర్చీలో వెనక్కి వాలి ఫ్యాను వైపు చూస్తూ అన్నాడు.

"తీసేశారు కదమ్మా. ఇప్పుడు పారేస్తామా? నాటేద్దాం. ఇంకెప్పుడూ ఇలా చేయొద్దని చెప్దాం."

"ఆవిడకి ఏం చెప్తాం సార్? మన దగ్గర పెరిగినవనే కదా ఆవిడ నమ్మకం."

"ఆవిడ అడగదు."

"అడగకపోయినా, వీధి అంతా వచ్చి చూసి మాకూ కావాలంటే? మళ్ళీ గుట్టకే కదా వెళ్ళాలి."

ఆయనకు కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "అయితే నువ్వే వెళ్ళి చెప్పుకో. ఆవిడ ఆర్డరు రద్దు చేసుకుంటే ఆ మాట కూడా నువ్వే తెచ్చి నాకు చెప్పు."

మర్నాడు హూడి బస్సు దిగి ఆ ఇంటికి నడిచాను. దారంతా మాటలు కూర్చుకుంటూనే ఉన్నాను. ఆవిడ ల్యాప్‌టాప్ ముందు ఎవరితోనో మీటింగులో ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపి, వెనక పెరట్లో కూర్చోమంది. కానుగ పూలు రాలి నేలంతా పేలాలు చల్లినట్టుంది. ఆవిడ నవ్వుతూ రెండు కప్పుల కాఫీతో వచ్చింది. ఆ నవ్వు చూస్తూ చెప్పడం కష్టమైంది. అయినా ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ కప్పు పక్కన పెట్టింది.

"అంటే, నేను అడిగిన అనే తవ్విన్రా?"

"మీరు అడిగినందుకు కాదు మేడమ్. మేము మాట ఇచ్చినందుకు."

"రెండూ ఒక్కటే కదా అక్కా." ఆవిడ లేచి అటూ ఇటూ నడిచింది. "నాకెందుకు చెప్పిన్రు ఇది? చెప్పకుంటే నేను మంచిగ పూలు చూసుకుంటుంటి. ఇప్పుడు చెప్పి నన్నేం చెయ్యమంటరు? వేసుకుంటే తప్పు. వద్దంటే అవి మీ షెడ్డుల ఎండిపోతయి."

నిజాయితీగా చెప్పినందుకు మెచ్చుకుంటుందని లోలోపల ఎక్కడో అనుకున్నాను కాబోలు. ఆ చివాట్లకు లేవబోయాను.

"ఆగండి," అంది. "అవి బతికే ఉన్నయా?"

"ఉన్నాయి. నిద్రలో ఉన్నాయి కాబట్టి ఇంకొన్నాళ్ళు తట్టుకుంటాయి."

"మళ్ళ అక్కడనే పెట్టొచ్చా?"

నాకు తట్టని ఆలోచన అది. పారేయాలా నాటాలా అన్న దగ్గరే నేను ఆగిపోయాను. పెట్టొచ్చు, అన్నీ బతుకుతాయని చెప్పలేను అన్నాను. శనివారం సెలవు, తనూ వస్తానంది.

నర్సరీకి తిరిగొచ్చి చెప్పగానే అన్న గట్టిగా నవ్వాడు. అది నవ్వు కాదని నాకు తెలుసు. "గుట్ట మీద పెట్టేదానికి కూలీ ఎవురిస్తారు? మా బామ్మర్దికి నేను ఏం మొహం చూపించేది?" అన్నాడు. ఆ రోజు నాతో కూర్చుని అన్నం తినలేదు. శనివారం పొద్దున మాత్రం నాకన్నా ముందే వచ్చి, సంచులు టెంపోలో ఎక్కించి, పొయ్యి బూడిద ఒక డబ్బానిండా నింపి పెట్టుకున్నాడు. తెగిన దుంపలకు బూడిద పూయకపోతే కుళ్ళిపోతాయి.

ఆనేకల్ దాటి చాలా దూరం వెళ్ళాక మట్టి దారి వచ్చింది. గుట్ట కింద ఆయన బామ్మర్ది నిలబడి ఉన్నాడు. మా సంచులు చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"తీయమనేదీ మీరే, పెట్టమనేదీ మీరే. టౌను వాళ్ళకు ఇదో ఆటనా బావా?"

అన్న తల వంచుకుని, "ఈ ఒక్కతూరి పెట్టిద్దాం రప్పా," అన్నాడు.

పైకెక్కాం. తుప్పల మధ్య చెట్ల నీడలో ఒక వాలు ఉంది. దానిమీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా గుంటలు. ఎలుగుబంటి తవ్విపోయినట్టుంది. తవ్విన మట్టి ఎండి, గాలికి లేస్తోంది. అన్న అక్కడే ఒక రాయి మీద కూర్చుండిపోయాడు.

"అక్కడక్కడ తీయమన్నా మ్మా," అన్నాడు నా వైపు చూడకుండా. "అంతా తీసినాడు."

"నువ్వు చెప్పినన్ని సంచులు నిండాల కదా బావా," అన్నాడు బామ్మర్ది. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట అన్నాడంతే. అన్న కళ్ళు తుడుచుకున్నాడు. చెమటే కావచ్చు.

వైట్‌ఫీల్డ్ ఆవిడ ఆఫీసుకు వేసుకునే బూట్లతో వచ్చింది. వాలులో రెండుసార్లు జారి, చివరికి వాటిని విప్పి చెట్టుకింద పెట్టి, సాక్సుల మీదే పని మొదలుపెట్టింది. ఎంత లోతు, మొలక ఏ వైపు ఉండాలి అని ప్రతి గుంట దగ్గరా అన్నను అడిగింది. మొదట ఒక్కొక్క మాటతో జవాబిచ్చిన మనిషి, ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఆవిడ చేతిలోంచి దుంప తీసుకుని, "ఇట్ల కాదు మ్మా, ఇట్ల. ఈ మొలక కండ్లు పైకి చూడాల. పండుకోబెట్టినట్ల పెట్టు," అని చూపించసాగాడు. బామ్మర్ది కాసేపు చూస్తూ నిలబడి, మా చేతులకు అలవాటు లేని పని చూడలేక తనే గడ్డపార అందుకున్నాడు. మధ్యాహ్నం వాళ్ళింటి నుంచి రాగిముద్ద, పులుసు వచ్చాయి. ఆవిడ ముద్దను నమలబోతుంటే ముగ్గురం ఒకేసారి, నమలకూడదు, మింగాలి అన్నాం. ఆ రోజు మేమంతా నవ్వింది అప్పుడే.

దిగేసరికి పడమటి నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. ఆ రాత్రే వాన పడుతుందనుకున్నాం. పడలేదు. ఆ వారం పడలేదు, ఆ పై వారమూ పడలేదు. నర్సరీలో అన్న మాటిమాటికీ షెడ్డు బయటికొచ్చి ఆనేకల్ వైపు ఆకాశం చూసేవాడు. వాన పడ్డాక ఇద్దరం వెళ్ళి చూశాం. అక్కడక్కడా గులాబీ కుచ్చులు నిలబడ్డాయి. చాలా గుంటల్లో ఏమీ రాలేదు. కొన్ని కుళ్ళాయి, కొన్నిటిని అడవిపందులు తవ్వి ఉంటాయి. అంతకుముందు అక్కడ నేల కనపడకుండా పూసేదని బామ్మర్ది భార్య చెప్పింది. ఆ మాట వినకపోతే బాగుండు అనిపించింది.

వైట్‌ఫీల్డ్ ఇంట్లో చిత్రమూలం, నీలాంబరం, నేలతాడి నాటాం. అడవి పసుపుకు మా పిల్లమొక్కలే ఇచ్చాం. ఆవిడ చెప్పినట్టే వీధివాళ్ళని పిలిచింది. వాళ్ళు వచ్చి, వేలెడంత మొక్కల్ని చూసి, కాఫీ తాగి వెళ్ళి, టైల్స్ వేయించుకున్నారు. మాకు ఒక్క పనీ రాలేదు. ఓనరు చాలా రోజులు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. నర్సరీ మూతపడలేదు, అలాగని కోలుకోనూ లేదు. నా జీతం చాలాకాలం అక్కడే ఆగిపోయింది. మంచి పని చేస్తే మేలు జరుగుతుందని మీకు చెప్పాలని నాకూ ఉంది. ఆ ఏడు మాత్రం జరగలేదు.

అన్న మారాడు. ఏటా కాయ పండే వేళకు సెలవు పెట్టి గుట్టకు వెళ్ళేవాడు. గుప్పెడు గింజలు తెచ్చేవాడు, అంతకు మించి కాదు. వాటికోసం నీడలో ప్రత్యేకంగా ఒక మడి కట్టాడు. ఎవరైనా కొనడానికొచ్చి తొందరపెడితే, "మీకు వేరే నర్సరీ అడ్రస్ ఇస్తా," అనేవాడు. ఓనరు విని పళ్ళు కొరికేవాడు.

కొన్ని వానాకాలాలు గడిచాయి. అన్న రిటైరై ఇంట్లో ఉంటున్నాడు. ఒకరోజు పొద్దున వైట్‌ఫీల్డ్ ఆవిడ ఫోన్ చేసింది. "అక్కా, వచ్చినయి. అన్నను తీసుకొని రాండి," అంది. ఇంకేం చెప్పలేదు. నేను అన్న ఇంటికి వెళ్ళి ఆయన్ని బయల్దేరదీశాను.

కానుగ కింద తడి ఆకుల్ని తోసుకుని గులాబీ కుచ్చులు నిలబడి ఉన్నాయి. గుట్ట మీది వాటంత బొద్దుగా లేవు, కాస్త సన్నగా ఉన్నాయి. అన్న మోకాళ్ళ మీద వంగి ఒక కుచ్చును వేలితో తాకాడు. అంతలో పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. ఆవిడది టైల్స్ పెరడు, ఒక మూల కొంచెం మట్టి మిగిలింది.

"ఎంత బాగున్నాయండీ! నాకో గడ్డ ఇస్తారా?"

వైట్‌ఫీల్డ్ ఆవిడ ముఖంలో రంగు మారింది. "వద్దండీ. వీటిని తవ్వేది లేదు," అంది గబుక్కున. నాకూ అదే సరైన మాట అనిపించింది. అన్న మాత్రం లేచి నిలబడి మోకాళ్ళ మట్టి దులుపుకున్నాడు.

"ఎందుకు తవ్వకూడదు మ్మా? ఇది మనం గింజ వేసి పెంచింది. గుట్టది గుట్టకే ఉండాల. ఇంట్లో పెంచింది పంచేదానికే ఉండాది." పక్కింటావిడ వైపు తిరిగాడు. "ఇప్పుడు కాదు తల్లీ. పువ్వు వాడి, ఆకు పెరిగి, చలికాలానికి అంతా ఎండిపోనీ. అప్పుడు నేనే వచ్చి తీసిస్తా."

"అంతవరకూ ఆగాలా?"

"ఆగల్ల మ్మా. వేరే దారి లేదు."

ఆ చలికాలం ఆయన వెళ్ళినప్పుడు నేను లేను. తర్వాత వైట్‌ఫీల్డ్ ఆవిడ చెప్పింది. ఎవరూ పిలవకుండానే బస్సెక్కి వచ్చాడట. ఒక గుత్తి పక్కగా చేత్తోనే మట్టి తీసి, ఒక్క దుంపను విడదీసి, గుంటను ఎండుటాకులతో పూడ్చి నీళ్ళు పోశాడట. పక్కింట్లో నాటడం అయ్యేదాకా గోడ దగ్గరే నిలబడి, "కండ్లు పైకి మ్మా, కండ్లు పైకి," అంటూనే ఉన్నాడట.